ఛాతీ: నాలుగు కాగితాలు

లాంకాస్టర్, ఒహాయో
9 జనవరి 1994

అన్నయ్యా,

ముందే చెబుతున్నా, ఇది కొత్త సంవత్సరం శుభాకాంక్షల ఉత్తరం కాదు. ఫోను చేస్తే నువ్వు "ఊ", "ఆ" తప్ప మూడో ముక్క మాట్లాడవు. నీ వెనకాల వరసలో నిలబడ్డవాడెవడో దగ్గుతూ ఉంటాడు. అందుకే ఫోను తీయించేశాను. ఇక ఉత్తరాలే. కాగితం మీదైతే నీకు నోరు బాగానే లేస్తుంది.

అసలు సంగతికి వస్తా. మార్చి ఇరవై రెండున నీ పెరోలు విచారణ. ఎనిమిదేళ్ళకి మొట్టమొదటిసారి నిన్ను వదలొచ్చా లేదా అని బోర్డు కూర్చుని చూస్తుంది. వదులుతారు. జూన్‌లో హోస్టెట్లర్ గారి పొలంలో మొదటి గడ్డి కోత అవగానే మన దండు ఆడే ఫోము కత్తుల యుద్ధం. నువ్వు దానికి వస్తున్నావు. నేను నీ కవచం మొదలుపెట్టేశాను.

నవ్వకు! పాతదాన్ని ఎలుకలు కొట్టేశాయి. అటక మీద నుంచి దించితే తోలు పట్టీలు, ఇత్తడి కట్లు మాత్రం మిగిలాయి. ఫోమంతా పొడి. కొత్తదానికి లోపల రెండు పొరల క్యాంపింగు చాప, మధ్యలో ఊరగాయ డ్రమ్ము కోసిన ప్లాస్టిక్, పైన మా కొట్లో మిగిలిన సోఫా తోలు. పట్టీలకి పాత కార్ల సీటు బెల్టులు తెచ్చాను. సోఫాలు కుట్టి కుట్టి నా వేళ్ళు ఇనుపవైపోయాయి, మందపాటి తోలుకి కూడా సూది దిగిపోతోంది.

నాకు కావలసింది నీ కొలతలు. జైలు కూడు తిని లావయ్యావో, తినక సన్నబడ్డావో నాకేం తెలుసు?

మన దండులో పొడుగు డెనిస్ ఆటకి కొత్త ఈటె చేశాడు. గోల్ఫు కర్రకి పైపుల తొడుగు ఫోము చుట్టి, మొన దగ్గర ఎంత మెత్తగా పెట్టాడంటే, తగిలితే ఎవడికీ తెలియడం లేదు. "తెలియకపోతే చచ్చానని ఎలా ఒప్పుకుంటార్రా?" అని అడిగితే తల గోక్కున్నాడు.

వెంటనే రాయి.

నీ చెల్లెలు,
బాబీ

---

17 జనవరి 1994

ఒసేయ్ బాబీ,

ఆ దగ్గేవాడి పేరు లూథర్. నీ మాట చెప్పాను. నొచ్చుకున్నాడు.

కవచం కుట్టడం మానేయమంటే నువ్వెటూ వినవు. కానీ ఒక మాట. ఇక్కడ మొదటి విచారణకే బయటపడ్డ మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. అందరూ ఆ వారం గెడ్డం చేయించుకుంటారు, చొక్కా ఇస్త్రీ చేసుకుంటారు, వెళ్ళొస్తారు, మళ్ళీ అదే మంచం. పైగా ఎమ్మెట్ సేయర్ గారి భార్య వస్తోందట. ఆమెకి ఆ హక్కు ఉంది. బారు బయట జరిగిన ఆ మాటామాటా, నా ఒక్క దెబ్బ, అతను పడిపోవడం, కాలిబాట గట్టుకి తల తగలడం, అవన్నీ మళ్ళీ మొదటినుంచి. అతను పడ్డాడు, పోయాడు. దానికి కొత్తగా నేను చెప్పేదేముంది? నువ్వు ఆశ పెట్టుకోకు, అంతే.

అయినా అడిగావు కాబట్టి కొలతలు. టేపు ఇవ్వరు. బూటు లేసుతో కొలుద్దామంటే ఇక్కడి బూట్లకి లేసులుండవు. కాబట్టి ఈ కాగితమే కొలబద్ద. పొడుగు వైపు పట్టుకుని కొలిచాను. నువ్వూ ఇదే కాగితంతో కొలుచుకో.

ఈ కాగితం వెనకవైపు భుజం ముక్క గీశాను. భుజం ముక్క అంచు ఛాతీ ముక్క పైకి రావాలి, కింద దూరకూడదు. అప్పుడే కత్తి జారిపోతుంది. జిగురు రెండు వైపులా రాసి, వేలు పెడితే అంటనంతగా ఆరాకే అతికించు. నీకు ఓపిక ఉండదని నాకు తెలుసు. ఒక కాఫీ తాగి రా.

ఛాతీ: నాలుగు కాగితాలు, ఒక బొటనవేలు తక్కువ.
నడుము: మూడున్నర.

వెర్న్

---

2 ఫిబ్రవరి 1994

అన్నయ్యా,

నాలుగు కాగితాలేనా! పాత కవచం నాలుగున్నర. ఆ మిగతా అరకాగితం మనిషిని ఎవరు తినేశారు? కొట్లో బల్ల మీద నీ ఉత్తరం పెట్టి కొలుస్తూ ఏడిచాను. మా యజమాని చూసి, "తోలు తప్పు కోశావా?" అన్నాడు. అవునన్నాను.

ఛాతీ ముక్క అయింది. భుజాలు నువ్వు చెప్పినట్టే వేశాను, కాఫీ కూడా తాగాను. మొన్న ఆదివారం డెనిస్‌కి తొడిగి డోరిస్ చేత కత్తితో బాదించాను. దెబ్బ భుజం మీంచి జారి బయటికి పోయింది! "కవచం!" అని వాడు అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. మొదటి దెబ్బ కవచం తింటుంది, రెండోది ప్రాణం తీస్తుంది, ఆ లెక్క చెప్పేవాడు దెబ్బ తిన్నవాడే. అదొక్కటే కదా మన ఆట. ఇన్నేళ్ళలో మనకి అంపైరు అవసరమే రాలేదు.

అక్కడే నాకు బుర్ర వెలిగింది. విను.

బోర్డువాళ్ళకి నువ్వెవరో తెలియదు. ఫైల్లో ఉన్న వెర్నన్ గ్రేబిల్ ఒక్క రోజు ఒక్క నిమిషం మనిషి. మాకు తెలిసినవాడు వేరు. దండులో ఇంతమందిలో మూడేళ్ళు వరసగా "మెత్తని చెయ్యి" బిరుదు ఎవరికి వచ్చింది? ఆ బిరుదుకి ఓటు వేసేది ఎవరు? ఆ ఏడాది నీ చేతిలో చచ్చినవాళ్ళే! అంతకన్నా నిజాయితీ సాక్ష్యం ప్రపంచంలో ఇంకెక్కడుంటుంది? అందుకని నీ చేతిలో చచ్చినవాళ్ళందరి దగ్గరా తలా ఒక ఉత్తరం రాయించి బోర్డుకి పంపుతాను. బిరుదు పత్రం కూడా జతచేస్తాను. డెనిస్ అప్పుడే రాసేశాడు. ఇదిగో మొదటి వాక్యం:

"వెర్నన్ గ్రేబిల్ నన్ను పదకొండు సార్లు చంపాడు, ఒక్కసారి కూడా నొప్పి కలగలేదు."

బాగుంది కదూ? నీకు ఇష్టమో కాదో రాయి. వీపు ముక్క నమూనా కూడా గీసి పంపు. వెన్ను దగ్గర ఎలా మడవాలో నాకు అంతుపట్టడం లేదు.

బాబీ

---

3 మార్చి 1994

బాబీ,

ఆలస్యమైంది. లూథర్‌కి న్యుమోనియా, వార్డులో పెట్టారు. అతని మంచం పక్కన కూర్చుని నీ ఉత్తరం చదివి వినిపించాను. డెనిస్ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. పదకొండట! నా లెక్కలో పదమూడు. రెండుసార్లు మర్చిపోయాడు వెధవ. నవ్వు ఆగాక లూథర్ నా మొహం చూశాడు, నేను లూథర్ మొహం చూశాను. ఆ ఉత్తరాల సంగతి వెనక రాస్తున్నాను, ముందు నీ వీపు ముక్క గీసేస్తాను. వెన్ను దగ్గర మడత వద్దు, మూడు పలకలు చేసి

(ముద్ర వేసిన చీటీ: రెండవ కాగితం ఆపివేయబడినది. కారణం: శరీర రక్షణ కవచం బొమ్మ, నిర్మాణ పద్ధతి.)

అంతే. చెప్పాల్సింది చెప్పేశాను, మిగతాది నువ్వు చూసుకో. నీ మీద నాకు నమ్మకం ఉంది. చిన్నప్పుడు అమ్మ కుట్టుమిషను విప్పేసి, మళ్ళీ బిగించి, ఒక మర మిగిలినా అది నడిచేలా చేసినదానివి. డెనిస్‌కీ డోరిస్‌కీ నా ప్రేమ చెప్పు.

ఛాతీ: నాలుగు కాగితాలు, రెండు బొటనవేళ్ళు తక్కువ.

వెర్న్

---

13 మార్చి 1994

అన్నయ్యా,

నీ ఉత్తరంలో మధ్య కాగితం లేదు. కవచం బొమ్మ ఉందని ఉత్తరాల గదివాళ్ళు ఆపేశారట. జనవరిలో భుజం బొమ్మ హాయిగా వచ్చింది, ఇప్పుడేం పుట్టిందో! కొత్త గుమాస్తా ఎవడో వచ్చి ఉంటాడు. సోఫా తోలుతో నువ్వు జైలు గోడ దూకుతావని వాళ్ళ భయం కాబోలు.

పోతే పోయింది. వీపు ముక్క నా సొంత బుర్రతో కోసేశాను. మూడు పలకలన్న ముక్క వరకు అందింది, అది చాలు. నీకు ఇష్టమేనని మిగతా ఉత్తరంలో తెలిసింది, నాకు అదే ముఖ్యం. "మిగతాది నువ్వు చూసుకో" అన్నావు, చూసుకున్నాను.

నిన్ననే కట్ట పంపేశాను. దొరికినవాళ్ళ దగ్గర రాయించినవే ఇరవై మూడు ఉత్తరాలు! డోరిస్ తన ఉత్తరంలో, నువ్వు ఆమెని వెనకనుంచి పొడిచి, ఆ తర్వాత పడిపోకుండా పట్టుకుని, గడ్డి మీద మెల్లగా కూర్చోబెట్టావని రాసింది. చదివితే గుండె కరిగిపోతుంది. బిరుదు పత్రం పైన పెట్టాను, బంగారు రంగు అక్షరాలు కనబడేలా: "నూట పన్నెండు మందిని చంపి, ఒక్కరినీ నొప్పించని మెత్తని చేతికి." నువ్వు ఎర్ర అంగీలో నెగ్గిన రోజు ఫోటో కూడా వేశాను. ఆ నవ్వు చూస్తే ఎవరైనా వదిలేస్తారు.

లూథర్‌కి ఎలా ఉంది? నేను కోపంగా అన్న మాట కాదని చెప్పు.

బాబీ

---

23 మార్చి 1994

అన్నయ్యా!

నిన్న నేను వచ్చాను. నీకు తెలియదు. లోపలికి రానివ్వరని తెలుసు, అయినా ఇంట్లో కూర్చోలేకపోయాను. పార్కింగులో కారులో మూడు గంటలు కూర్చున్నాను. వెనక సీట్లో కవచం. ఒకవేళ అప్పటికప్పుడే వదిలేస్తే అని తెచ్చాను, తిట్టకు.

పదకొండున్నరకి ఆకుపచ్చ కోటు వేసుకున్న ఒకావిడ బయటికి వచ్చింది. సేయర్ గారి భార్య అని పోల్చుకున్నాను, అప్పట్లో కోర్టులో చూశాను కదా. ఏడుస్తోంది. తాళంచెవి పట్టుకుని తన కారు తలుపు తీయలేకపోతోంది. పాపం అనిపించింది, నిజంగా. కానీ ఆమె ఏడ్చిందంటే బోర్డు నీ వైపు ఉన్నట్టే కదా? నాకు అలాగే అనిపించింది. దారంతా పాడుకుంటూ వచ్చాను.

ఎప్పుడు వదులుతారో రాయి. ఏ చొక్కా తేవాలి? పాతవేవీ నీకు సరిపోవు.

బాబీ

---

24 మార్చి 1994

బాబీ,

కట్ట పంపేశానన్న నీ ఉత్తరం నిన్న, అంటే విచారణ అయిన మర్నాడు నా చేతికి వచ్చింది. కూర్చుని చదువు.

ఆ రెండో కాగితానికి ఒకవైపు వీపు ముక్క బొమ్మ. రెండోవైపు నేను రాసింది ఇది: ఆ ఉత్తరాలు పంపొద్దు, ఒక్కటి కూడా పంపొద్దు, వాళ్ళకి మన ఆట తెలియదు, వాళ్ళు మాట మాటగానే చదువుతారు, అమ్మ మీద ఒట్టు, పంపొద్దు. కాగితం ఆదా చేద్దామని బొమ్మ వెనకే రాశాను. బొమ్మ గీయకపోతే నీకు అందేది. వెన్ను దగ్గర మూడు పలకలు ఎంత బాగా కుదిరాయో నీకు చూపించాలని ఉబలాటం. కాబట్టి ఈ పని చేసింది నేను. నువ్వు కాదు. ఈ మాట రెండుసార్లు చదువు.

జరిగింది చెబుతాను. బోర్డులో ముగ్గురు. మధ్యలో కళ్ళజోడాయన కట్ట విప్పి, డెనిస్ ఉత్తరం తీసి, పైకి చదివాడు. "ఇతను నన్ను పదకొండు సార్లు చంపాడు." ఆగి, కాగితం బల్ల మీద పెట్టి, "ఇదేమిటో కొంచెం చెబుతారా?" అన్నాడు.

చెప్పాను. ఫోము కత్తులండి, ఆటండి, దెబ్బ తగిలినవాడే తనకి తానుగా చచ్చానని చెప్పాలండి, అదే మా మర్యాదండి, బిరుదుకి ఓటు వేసేది చచ్చినవాళ్ళేనండి. చెబుతూ చెబుతూ ఒకచోట నవ్వాను బాబీ. డెనిస్ పడే తీరు గుర్తొచ్చి, పెదవి కదిలింది. నువ్వు పంపిన ఫోటో కూడా బల్ల మీదే ఉంది, అందులోనూ నవ్వుతున్నాను. సేయర్ గారి భార్య నన్నూ ఫోటోనూ మార్చి మార్చి చూస్తోంది.

అప్పుడు ఆమె అనుమతి అడిగి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఈ ఇరవై ముగ్గురూ ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భోజనం చేశారా?"

"చేశారండి."

"ఎమ్మెట్ కోసం నేను ఆ రోజు కూర వండి మూతపెట్టి ఉంచాను. మూడు రోజుల దాకా ఆ మూత తీయలేకపోయాను."

ఆమె నా వైపు తిరిగింది.

"దెబ్బ తగిలినవాళ్ళే చెప్పాలన్నారు కదా మీ ఆటలో. ఎమ్మెట్ చెప్పలేకపోయాడు. ఆయన బదులు మీరు చెప్పండి."

ఎనిమిదేళ్ళుగా నేను ఏమంటూ వచ్చానో నీకు తెలుసు. అతను పడ్డాడు. గట్టుకి తల తగిలింది. అతను పోయాడు. కోర్టులో అదే, నీతో అదే, ఒంటరిగా ఉన్నప్పుడూ అదే. నూట పన్నెండు మంది నా ముందు నిజాయితీగా దెబ్బ ఒప్పుకుంటే బిరుదు నేను తీసుకున్నాను. నేను వేసిన దెబ్బ మాత్రం నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

"నేను చంపానండి. మీ ఆయన్ని నేనే చంపాను" అన్నాను.

ఆమె చేతిసంచీ తీసుకుని లేచి వెళ్ళిపోయింది. నువ్వు వచ్చావో లేదో, ఆమె నీకు కనబడిందో లేదో నాకు తెలియదు. కనబడకపోయుంటే బాగుండు.

కళ్ళజోడాయన ఏదో రాసుకున్నాడు. గంటలో కాగితం చేతికిచ్చారు. తిరస్కరణ. మళ్ళీ విచారణ ఐదేళ్ళకి. కారణాల్లో ఒకటి, "హింసను వినోదంగా చూసే ధోరణి." ఇంకోటి, "నేరాన్ని ఇప్పుడే మొదటిసారి అంగీకరించడం."

లూథర్ మొన్న వార్డులోనే పోయాడు. నీ క్షమాపణ చెప్పడానికి లేకుండా పోయింది.

ఛాతీ కొలవలేదు.

వెర్న్

---

20 జూన్ 1994

అన్నయ్యా,

ఏప్రిల్‌లో మూడు, మేలో రెండు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఉత్తరాల గదివాళ్ళు ఆపుతున్నారా, నువ్వే ఆపావా? రెండోదైతే నన్ను తిట్టయినా ఒక ముక్క రాయి. నువ్వు తిట్టకపోవడమే నన్ను చంపేస్తోంది.

నిన్న యుద్ధం జరిగింది. వెళ్ళకూడదనుకున్నాను. డెనిస్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నా వాక్యమే కదా మొదట చదివారు?" అన్నాడు. అవునన్నాను. అంత పొడుగు మనిషీ మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. ఇక ఇద్దరం వెళ్ళాం.

నీ కవచం నేనే తొడుక్కున్నాను. పట్టీలన్నీ చివరి రంధ్రం దాకా బిగించినా లోపల నేను ఇటూ అటూ తిరుగుతూనే ఉన్నాను. వీపు పలకలు మెడ కింద ఒరుసుకున్నాయి. సొంత బుర్రతో కోస్తే అంతే మరి. మొదటి దెబ్బ డోరిస్‌ది, భుజం మీద పడింది, "కవచం" అన్నాను. రెండో దెబ్బ ఎవరిదో తెలియదు, సరిగ్గా గుండె మీద. "చచ్చాను" అనాలి. ఇరవై ఏళ్ళుగా అంటున్న మాట. నిలబడే ఉన్నాను. ఆ కొట్టినవాడు కొత్తవాడు, పాపం, "తగల్లేదా అండీ?" అని అడుగుతున్నాడు.

తగిలింది, అన్నాను. కూర్చున్నాను. చచ్చిన గుర్తుగా కత్తి నెత్తిమీద పెట్టుకుని, చచ్చినవాళ్ళందరి మధ్యా కూర్చున్నాను. ఆట అయిందని బూర ఊదారు. అందరూ లేచారు, బట్టలు దులుపుకున్నారు, చంపినవాళ్ళతో చేతులు కలిపారు, అటు మొక్కజొన్న పొత్తులు ఉడుకుతున్నాయి, అటు వెళ్ళారు. నేను లేవలేకపోయాను అన్నయ్యా. ఆ ఆకుపచ్చ కోటు, ఆ తాళంచెవి. ఆమె అలా ఏడుస్తుంటే నేను కారులో కూర్చుని సంతోషపడ్డాను. ఆ కట్ట పంపినదానికన్నా అదే నన్ను ఎక్కువ తినేస్తోంది. ఇది నీకు కాక ఎవరికి చెప్పను?

ఐదేళ్ళంటే 1999. వీపు ముక్క విప్పి మళ్ళీ కోస్తాను. ఏడాదికొకసారి కొలతలు పంపు, ఏడాదికొకసారి సరిచేస్తాను. అప్పుడు నువ్వు వచ్చేసరికి సరిగ్గా పడుతుంది. నీ చేత్తో ఒక్క గీత చాలు. ఛాతీ ఒక్కటి రాసినా చాలు.

నీ
బాబీ

---

1 జూలై 1994

బాబీ,

ఉత్తరాలన్నీ అందాయి. ఎవరూ ఆపలేదు.

నిన్ను తిట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. వెతికాను. కారులో నువ్వు సంతోషపడ్డ సంగతి, నేను నవ్విన సంగతి, రెండూ ఒకే ఇంటి మనుషుల పనులు. మోద్దాం, ఏం చేస్తాం.

వీపు పలకలు మెడ కింద ఒరుసుకున్నాయంటే పై పలక అరంగుళం పొడుగు కోశావు. నా బొమ్మలో అది చెప్పాను. ఇప్పుడు కోయకు. ఫోము ఐదేళ్ళు ఉండదని నీకూ తెలుసు, పాతదాన్ని చేత్తో ఎత్తి చూశావు కదా. జిగురు ఎండుతుంది, అంచులు లేస్తాయి, తోలు లోపల మిగిలేది పొడి. నువ్వు ఏడాదికొకసారి అటక ఎక్కి, దాన్ని దించి, మళ్ళీ కుట్టి, మళ్ళీ పైన పెట్టడం నేను ఇక్కడినుంచి చూస్తూ ఉండలేను. ఇంతకన్నా ఇక్కడి మంచమే నయం.

విప్పెయ్యి. ఇత్తడి కట్లు డెనిస్‌కి ఇవ్వు. సీటు బెల్టులు డోరిస్‌కి పనికొస్తాయి. ఛాతీ ముక్కలోని చాప బాగా మందంగా ఉంటుంది, దాన్ని రెండుగా కోసి మోకాళ్ళ కింద వేసుకో. సోఫాల అడుగున మేకులు కొట్టేటప్పుడు రోజంతా వట్టి సిమెంటు మీద మోకరిల్లుతావు, నీకు నలభై రాకముందే కీళ్ళు పోతాయి.

ఈసారి కొలతలు రాయలేదు. మర్చిపోయి కాదు.

వెర్న్